గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంలో జీటీఆర్, 911 టర్బో

దుబాయ్‌లోని అల్ కోజ్ పారిశ్రామిక ప్రాంతంలో ఒక గ్యారేజీలో పనిచేస్తున్నాను. కాగితం మీద నా హోదా సర్వీస్ అడ్వైజర్. ఎక్కువగా చేసే పని మాత్రం పాత కారు కొనబోయేవారి తరఫున దాన్ని లిఫ్టు ఎక్కించి, కింద, పైన, లోపల చూసి, కొనవచ్చో లేదో చెప్పడం. జగిత్యాల నుంచి నాతోపాటు గల్ఫ్ వచ్చినవారిలో చాలామంది భవన నిర్మాణంలో చేరారు. నన్ను ఆటోమొబైల్ డిప్లొమా కార్ల కిందికి చేర్చింది. పగలంతా లక్షల దిర్హాముల కార్లు నడుపుతాను, సాయంత్రం కంపెనీ వ్యానులో గదికి వెళ్తాను. దీనివల్ల ఒక లాభం ఉంది. సొంత కారు లేనివాడి మాటకు ఇక్కడ విలువ ఎక్కువ. కొన్నవాడు తాను కొన్నదే గొప్పదంటాడు, అమ్మేవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు.

గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక డాక్టరు గారు మా దగ్గరికి వస్తుంటారు. ఉండేది షార్జాలో, ఉద్యోగం దుబాయ్‌లో. పిల్లలు చదువులకు వెళ్లిపోయాక ఇంట్లో ఉన్న పెద్ద ఎస్‌యూవీని అమ్మేసి, చిన్నప్పటి నుంచి ఉన్న స్పోర్ట్స్ కారు కోరిక తీర్చుకోవాలనుకున్నారు. వెతికి వెతికి రెండింటి దగ్గర ఆగారు. ఒకటి నిస్సాన్ జీటీఆర్, రెండోది పోర్షే 911 టర్బో. రెండూ వాడినవే.

"తమ్ముడూ, ఇది సెలవురోజు సరదా కోసం కాదు. రోజూ పొద్దున ఆసుపత్రికి వెళ్లాలి, సాయంత్రం ఇంటికి రావాలి. ఏది తీసుకోమంటావు?" అన్నారు.

"పొద్దున ఎనిమిదింటికి అల్ మమ్జర్ సాలిక్ టోల్ గేటు దగ్గర మీ బండి ఎంత వేగంలో ఉంటుంది డాక్టరు గారూ?" అని అడిగాను.

ఆయన నవ్వేశారు. షార్జా నుంచి దుబాయ్ వచ్చే అల్ ఇత్తిహాద్ రోడ్డు ఎరిగినవారెవరైనా నవ్వుతారు. ఆ సమయంలో గేటు దాటినందుకు ఇప్పుడు 6 దిర్హాములు పోతాయి, కానీ వేగం మాత్రం రాదు. గంటకు ఇరవై కిలోమీటర్లు వెళ్తే ఆ రోజు అదృష్టం బాగున్నట్టే.

ఈ రెండు కార్ల పోటీ వేగం గురించే మొదలైంది. జీటీఆర్‌ను తయారుచేసేటప్పుడు నిస్సాన్ ఎదురుగా పెట్టుకున్న లక్ష్యం 911 టర్బోయే. 2007 చివర్లో జపాన్‌లో అమ్మకానికి వచ్చినప్పుడు దాని శక్తి 480 హార్స్‌పవర్. అప్పటి 911 టర్బోదీ సరిగ్గా అంతే. ధర మాత్రం అమెరికాలో దాదాపు సగం. 2008లో జర్మనీలోని న్యూర్‌బుర్గ్‌రింగ్ ట్రాక్‌ను 7 నిమిషాల 29 సెకన్లలో చుట్టేశామని నిస్సాన్ ప్రకటిస్తే, పోర్షే నమ్మలేదు. తానే ఒక జీటీఆర్ కొని అదే ట్రాక్ మీద నడిపించి, తమవాళ్లకు ఆ సమయం రాలేదని బహిరంగంగా చెప్పింది. రెండు పెద్ద కంపెనీలు అలా మాటా మాటా అనుకోవడం అరుదు. ఆ గొడవ విన్న మా కుర్రాళ్లు ఇప్పటికీ టీ తాగుతూ దాని మీద వాదించుకుంటారు. ఒక పెషావర్ మెకానిక్, ఒక త్రిశూర్ ఎలక్ట్రీషియన్ చెరో పక్షం. ఇద్దరిలో ఎవరూ జర్మనీ చూడలేదు.

డాక్టరు గారి ప్రయాణానికి ఆ 7 నిమిషాల 29 సెకన్లతో పని లేదు. ఆయనకు కావలసింది జూలై నెలలో, బయట 46 డిగ్రీలు ఉన్నప్పుడు, ముందు బస్సు, వెనక లారీ, అడుగడుగునా బ్రేకు, ఏసీ పూర్తిగా తిప్పి ఉన్న స్థితిలో కారు ఎలా ప్రవర్తిస్తుందన్నది. నా లెక్కలో రోజువారీ కారుకు అసలు పరీక్ష అదే.

అక్కడ జీటీఆర్ తన మనసులో మాట దాచుకోదు. దాని గేరుబాక్సు ఇంజిన్ దగ్గర ఉండదు, బరువు సమంగా పంచడానికి వెనక ఇరుసు దగ్గర పెట్టారు. ఇంజిన్ నుంచి అక్కడికి ఒక షాఫ్టు వెళ్తుంది, ముందు చక్రాలకు శక్తి తేవడానికి ఇంకో షాఫ్టు వెనక్కి తిరిగి వస్తుంది. వేగంలో ఇది అద్భుతం. ట్రాఫిక్‌లో మాత్రం కింద నుంచి గలగలమని శబ్దం వస్తూనే ఉంటుంది. మొదటిసారి విన్నవాడు ఏదో ఊడిపోయిందనుకుని కారు పక్కకు ఆపుతాడు. చాలా కార్లలో అది జబ్బు కాదు, దాని స్వభావం. కొన్నింటిలో నిజంగానే జబ్బు. తేడా పట్టుకోవడానికే మాలాంటివాళ్లకు జీతం ఇస్తారు. పాత జీటీఆర్‌లలో గేరుబాక్సు లోపలి సొలినాయిడ్లు, అంటే నూనె దారిని తెరిచి మూసే కరెంటు కవాటాలు, మొండికేయడం కొత్తేమీ కాదు. మొదటి సంవత్సరాల్లో కొందరు యజమానులు లాంచ్ కంట్రోల్ మీద మోజుతో నిలబడ్డ చోటు నుంచి పదే పదే దూకించి గేరుబాక్సులు పగలగొట్టుకున్నారు. వారంటీ వర్తిస్తుందా లేదా అని పెద్ద రగడ జరిగింది. తరువాత నిస్సాన్ ఆ సాఫ్ట్‌వేర్‌నే మార్చి దూకుడు తగ్గించింది.

పోర్షే ట్రాఫిక్‌లో సాధువు. దాని పీడీకే గేరుబాక్సు, అంటే 2009 తరువాత టర్బోల్లో వచ్చినది, నెమ్మదిగా పాకించినా మామూలు ఆటోమేటిక్ కారులా ఉంటుంది. మడమ నొప్పి ఉన్నవాళ్లు కూడా నడపగలరు. ఇలా చెబితే పోర్షే అభిమానులకు కోపం వస్తుంది కానీ, నా దృష్టిలో ఇది పొగడ్తే. 911 సస్పెన్షన్ కూడా గట్టిదే, అయినా షార్జా వీధుల్లో స్పీడ్ బ్రేకర్లను తట్టుకుంటుంది. కొన్ని కార్లకు ముందు భాగాన్ని 40 మిల్లీమీటర్లు పైకి లేపే మీట ఉంటుంది. అది ఉన్న కారు దొరికితే దానికి ఇంకొంచెం డబ్బు పెట్టినా నష్టం లేదంటాను. బంపర్ కింది అంచు ఒకసారి స్పీడ్ బ్రేకర్‌కు తగిలితే ఆ డబ్బు అక్కడికక్కడే లేచిపోతుంది. జీటీఆర్‌లో సస్పెన్షన్‌ను 'కంఫర్ట్'కు మార్చే మీట ఉంది. దాన్ని నొక్కాక కూడా నడుము గుర్తుపెట్టుకుంటుంది. 2017 నుంచి వచ్చిన కార్లలో లోపలి భాగం చాలా మెరుగైంది, అది ఒప్పుకోవాలి.

ఇక ఎండ. ఇక్కడ ఎవరైనా 911 గురించి అడిగితే టర్బోచార్జర్ల గురించి కాదు, ముందు బంపర్ మూలల గురించి చెబుతాను. ఇంజిన్ వెనక ఉన్నా రేడియేటర్లు, ఏసీ కండెన్సర్లు ముందు బంపర్ రెండు మూలల్లో, గాలి దూరే రంధ్రాల వెనక ఉంటాయి. రోడ్డు మీద ఎగిరే ఇసుక, ఆకులు, చిరిగిన ప్లాస్టిక్ సంచులు అన్నీ అక్కడే చేరతాయి. చెమ్మ తగిలి అట్టకడతాయి. కొన్నాళ్లకు కండెన్సర్‌ను తుప్పు తినేసి ఏసీ గ్యాస్ పోతుంది. గల్ఫ్‌లో టర్బోచార్జర్ పోతే కారు నెమ్మదిగా వెళ్తుంది. ఏసీ పోతే మనిషే వెళ్లలేడు. ఏడాదికి ఒకసారి బంపర్ విప్పి శుభ్రం చేయించుకుంటే సరిపోయే పని ఇది. అయినా చేయించేవాళ్లు తక్కువ.

2009కి ముందు 911 టర్బోల్లో ఇంకో గండం ఉంది. ఆ ఇంజిన్ గట్టితనం గురించి కథలు చెబుతారు, నిజమే. కానీ దాని కూలెంట్ పైపులను కొన్ని చోట్ల జిగురుతో అతికించారు. ఏళ్ల తరబడి వేడికి ఆ జిగురు వదిలితే కూలెంట్ ఒక్కసారిగా రోడ్డు మీద పడుతుంది, అదీ వెనక చక్రాల దగ్గరే. వాటిని వెల్డింగ్ చేయించిన కారు అయితేనే చూడండి, లేకపోతే చూడనే వద్దని డాక్టరు గారికి చెప్పాను.

ధర దగ్గరకు వస్తే ఆయన కళ్లు జీటీఆర్ వైపే లాగాయి. అదే డబ్బుకు కొంచెం కొత్త కారు వస్తోంది. కానీ కొనే ఖర్చు వేరు, మోసే ఖర్చు వేరు. జీటీఆర్‌కు రన్‌ఫ్లాట్ టైర్లు, 20 అంగుళాలవి. కంపెనీ వాటిలో నైట్రోజన్ నింపి పంపుతుంది. స్టెప్నీ లేదు. ఇక్కడ ఐదేళ్లు దాటిన టైరు ఉంటే ఏటేటా జరిగే పాసింగ్ పరీక్షలో కారు నిలవదు, ముల్కియా, అంటే కారు రిజిస్ట్రేషన్, తిరిగి రాదు. ఎంత తక్కువ తిరిగినా సరే, తేదీ తేదీయే. గేరుబాక్సు నూనె కూడా మామూలు ధర కాదు. పోర్షే చవకదని దీని అర్థం కాదు. టర్బో ఎస్ రకానికి చక్రం మధ్యలో ఒకే పెద్ద నట్టు ఉంటుంది. దాన్ని 600 న్యూటన్ మీటర్ల బలంతో బిగించాలి. మామూలు పంక్చర్ షాపువాడు చేతులెత్తేస్తాడు. సెరామిక్ బ్రేకులు మార్చాల్సి వస్తే ఆ డబ్బుకు ఒక చిన్న కారు కొనుక్కోవచ్చు. అందుకే ఆయనకు ఎస్ లేని టర్బో, ఐదు బోల్టుల చక్రాలు, ఇనుప బ్రేకులు అని రాసిచ్చాను.

పాత కార్ల బజారులో ఇంకో రెండు పరీక్షలు ఉన్నాయి. మొదటిది, కారు గల్ఫ్ దేశాల కోసం తయారైనదా, లేక అమెరికాలో ప్రమాదంలో దెబ్బతిని ఓడలో ఇక్కడికి వచ్చి బాగుపడినదా. ప్రకటనలో చవకగా కనిపించే జీటీఆర్‌లలో రెండో రకమే ఎక్కువ. రంగు మందం కొలిచే పరికరం తలుపు మీద ఒక అంకె, పక్క తలుపు మీద ఇంకో అంకె చూపిస్తే మిగతా కథ అమ్మేవాడిని అడగాల్సిన పనిలేదు. రెండోది 2024 ఏప్రిల్ 16. ఆ రోజు వచ్చిన వాన 75 ఏళ్లలో ఎన్నడూ లేనిదని ప్రభుత్వమే చెప్పింది. నేలకు ఆనుకుని పోయే కార్లకు ఆ నీరు ఎంతవరకు వచ్చిందో ఊహించుకోవచ్చు. ఆరబెట్టి, అత్తరు కొట్టి మళ్లీ బజారుకు తెచ్చినవి ఇంకా తిరుగుతున్నాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడాలి. అక్కడి మట్టి గీతను ఎవరూ కడగరు.

జీటీఆర్ మీద నాకు వ్యతిరేకత ఉందనుకోవద్దు. దాని ఇంజిన్‌ను యొకొహామాలో తొమ్మిది మంది నిపుణులు మాత్రమే చేత్తో బిగించేవారు, వాళ్లను తకుమీలంటారు. చేత్తో పనిచేసే వృత్తిలో ఉన్నవాడిగా ఆ ఇంజిన్ ముందు నిలబడితే నాకు గౌరవం కలుగుతుంది. లిఫ్టు మీద ఏ కారు కింద ఎక్కువసేపు నిలబడటం ఇష్టమని అడిగితే తడుముకోకుండా జీటీఆర్ అంటాను. ఇక్కడి కుర్రాళ్లు దాని శక్తిని వెయ్యి హార్స్‌పవర్ దాటిస్తారు. 2016లో ఫుజైరా విమానాశ్రయం రన్‌వే మీద ఒక జీటీఆర్ గంటకు 304.96 కిలోమీటర్ల వేగంలో పక్కకు జారుతూ గిన్నిస్ రికార్డు కొట్టింది. అలాంటి మోజు ఉన్న ఇరవై రెండేళ్ల స్థానిక యువకుడు వచ్చి అడిగితే నా జవాబు వేరు. కాకపోతే అనుమతి లేకుండా ఇంజిన్ మారిస్తే 1000 దిర్హాముల జరిమానా, లైసెన్సు మీద తప్పుల లెక్కగా 12 బ్లాక్ పాయింట్లు, నెల రోజులు కారు పోలీసుల దగ్గర. ఆ సంగతి కూడా చెప్పి పంపుతాను. వింటారా అన్నది వాళ్ల ఇష్టం.

డాక్టరు గారి కోసం రెండింటినీ నడిపి చూశాను. కస్టమర్ కారును రోడ్డు మీదకు తీయడం మాకు సంబరం కాదు. గీత పడితే మాట పడేది నేను, ముఖాలఫా, అంటే ట్రాఫిక్ జరిమానా, వస్తే విచారణ నా మీద. దుబాయ్ రాడార్లు పరిమితి మీద ఇంకో 20 కిలోమీటర్లు వదులుతాయి, ఆ తరువాత వదలవు. పరిమితి కంటే 80 కిలోమీటర్లకు మించి ఎక్కువ వేగంలో పోతే 3000 దిర్హాములు, 23 పాయింట్లు, 60 రోజులు కారు జప్తు. ఈ కార్లు మూడు సెకన్లకు కాస్త అటూ ఇటూగా వంద అందుకుంటాయి, కాబట్టి ప్రమాదం పెడల్ మీద బొటనవేలి దూరంలోనే ఉంటుంది. మా హెల్పర్ కుర్రాళ్లకు కార్ల పక్కన నిలబడి ఫోటోలు దిగవద్దని కూడా చెబుతాను. ఒకడి ఫోటో ఊరికి వెళ్లి, వాళ్ల మేనమామ ఇల్లు కట్టడానికి అప్పు అడిగాడు.

చివరికి నా నివేదిక కంటే డాక్టరు గారి సతీమణి మాట గట్టిగా పనిచేసింది. ఆవిడ రెండింటిలోనూ కూర్చున్నారు. జీటీఆర్ డిక్కీలో పెద్ద సూట్‌కేసు పడుతుంది, అది దానికి కలిసొచ్చే విషయమే. 911లో ముందు బానెట్ కింద ఉన్నది చిన్న గుంట, ఒక బియ్యం బస్తా, కూరల సంచి, అంతే. అయినా ఆవిడ 911 దగ్గరే ఆగారు. "ఇందులో బయట అంతా కనిపిస్తోందండీ, మన పార్కింగ్‌లో పెట్టడానికి నేను భయపడను" అన్నారు. జీటీఆర్ దానికంటే దాదాపు 20 సెంటీమీటర్లు పొడవు. వాళ్ల అపార్ట్‌మెంటు బేస్‌మెంట్‌లో స్తంభాలు ఎక్కడున్నాయో ఆవిడకే తెలుసు.

"మరి జీటీఆర్ ఇక తయారు కాదటగా, విలువ పెరుగుతుందేమో?" అని డాక్టరు గారు చివరి ప్రయత్నం చేశారు. నిజమే, 2025 ఆగస్టులో తోచిగి కర్మాగారం నుంచి ఆఖరి కారు బయటికి వచ్చింది. పద్దెనిమిదేళ్లలో సుమారు 48,000. మరుసటి నెలలోనే పోర్షే హైబ్రిడ్ టర్బో ఎస్‌ను చూపించింది. విలువ పెరగాలంటే కారును గుడ్డ కప్పి దాచాలి, మీరేమో రోజూ షార్జా ట్రాఫిక్‌లో పెడతానంటున్నారు, రెండూ కుదరవు అన్నాను.

ఆయన తీసుకున్నది 2015 నాటి 911 టర్బో. గల్ఫ్ కారు, ఒకే యజమాని, ఐదు బోల్టుల చక్రాలు. టైర్ల మీద తేదీ చూస్తే నాలుగేళ్లు దాటింది, కుడివైపు కండెన్సర్ అంచున పచ్చటి మరక ఉంది. రెండూ నివేదికలో రాసి, అమ్మేవాడికి చూపించి ధర తగ్గించమని అడగమన్నాను. తగ్గించాడు, నేననుకున్నంత మాత్రం కాదు.