భుజం నొప్పి, పరిహారం దావా

న్యూజెర్సీలో మేముండే ఊళ్లో ఒక మందుల దుకాణంలో ఫ్లూ టీకా వేయించుకున్నప్పుడు, స్వెటర్ చెయ్యి పైకి మడవడానికి వీలుకాక, టీకా వేసే ఆవిడ మెడ దగ్గర కిందికి లాగి, నిలబడే ఉండి, దాదాపు భుజం ఎముక అంచున సూది గుచ్చింది. సాయంత్రానికల్లా చెయ్యి లేవలేదు. నొప్పి వారాలు గడిచినా తగ్గలేదు సరికదా, జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి పోలేదు, ఆ పక్కకు ఒత్తిగిలితే నిద్ర పట్టలేదు. ఎమ్మారై చూసిన ఎముకల వైద్యుడు, కండరంలోకి వెళ్లవలసిన మందు దాని కిందనున్న బర్సా అనే సంచిలోకి వెళ్లి వాపు తెచ్చిందని చెప్పి, స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి ఫిజియోథెరపీకి పంపారు.

ఇటువంటి గాయానికి అమెరికాలో దుకాణం మీద కాక, టీకా వల్ల కలిగే గాయాలకు పరిహారమిచ్చే 1986 నాటి చట్టం ప్రకారం ఆరోగ్య శాఖ మంత్రిని ప్రతివాదిగా చేర్చి, వాషింగ్టన్‌లోని ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టులో దావా వేయాలి. ఫ్లూ టీకా డోసుకు 75 సెంట్ల చొప్పున వసూలయ్యే పన్నుతో నడిచే నిధి నుంచే పరిహారమూ, లాయరు ఫీజూ వస్తాయి. ఇది టీకాల మీద పోరాటం కాదు. నేను ఏటా టీకా వేయించుకుంటూనే ఉన్నాను.

టీకా వల్ల వచ్చినవిగా ఆ చట్టం ఎంచే గాయాల పట్టికలో భుజం గాయాన్ని 2017లో చేర్చారు. టీకా పడిన 48 గంటల్లోపు నొప్పి మొదలై ఉండాలి, ఆ భుజానికి పూర్వం జబ్బు ఉండకూడదు, బాధ ఆరు నెలలు దాటాలి, మూడేళ్లలోపు దావా పడాలి. నా చిక్కంతా ఆ 48 గంటల దగ్గరే వచ్చింది. మొదట చూసిన క్లినిక్ వారు "కొన్ని వారాలుగా కుడి భుజం నొప్పి" అని మాత్రం రాసుకున్నారు. ప్రభుత్వ న్యాయవాది ఆ వాక్యాన్నే పట్టుకున్నారు. చివరికి టీకా వేయించుకున్న రాత్రి మా అక్కకు పంపిన మెసేజే అక్కరకొచ్చింది: "అక్కా, టీకా ఏసిన చెయ్యి లేస్తలేదు, రేపు బతుకమ్మ పేర్చనీకి రాను." దాన్ని ఇంగ్లీషులోకి అనువదింపజేసి, అక్క ప్రమాణపత్రంతో జతచేసి దాఖలు చేశాక అభ్యంతరం సడలి, మాటలు రాజీ వైపు మళ్లాయి.

వచ్చిన మొత్తం, నొప్పికీ బాధకీ చట్టం విధించిన 2,50,000 డాలర్ల పరిమితికి చాలా దిగువనే ఉన్నా, వైద్యానికి మేము పెట్టుకున్న ఖర్చు తిరిగి వచ్చింది. చెయ్యి ఇప్పుడు తల వెనక్కి పోతుంది. నడుము వెనక్కి మాత్రం ఇంకా సగమే.