మళ్లీ ఆర్డర్ ఎప్పుడు పెట్టాలి?

సప్లై చైన్ అనగానే లారీలు, గోడౌన్లు గుర్తొస్తాయి గానీ, నా దృష్టిలో అసలు కష్టమంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది. రోజుకు 40 పెట్టెలు అమ్ముడవుతూ, ఆర్డర్ పెట్టాక సరుకు చేరడానికి 10 రోజులు పడితే, స్టాక్ 400కి తగ్గిన రోజే ఆర్డర్ వెళ్లాలి. లెక్క ఇంతే. కానీ ఆ 10 రోజులు ఒక్కోసారి 14 అవుతాయి, అప్పుడు ఇంకో 160 పెట్టెలు చేతిలో లేకపోతే కొనడానికి వచ్చినవాళ్లు ఉత్త చేతులతో వెనక్కి వెళ్తారు. ఈ అదనపు సరుకునే సేఫ్టీ స్టాక్ అంటారు. అందుకే సప్లయర్ విషయంలో నేను వేగం కంటే నిలకడే ఎక్కువ చూస్తాను. ఓసారి 6 రోజుల్లో, ఓసారి 18 రోజుల్లో పంపేవాళ్ల కంటే ఎప్పుడూ 12 రోజులకే పంపేవాళ్లు ఎంతో నయం.

ఎంత నిలకడైన సప్లయర్ అయినా సరుకు దారిలో ఆగిపోవచ్చు, సేఫ్టీ స్టాక్ అందుకూ కావాలి. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే ఒక్క ఓడ సూయజ్ కాలువకు అడ్డంగా 6 రోజులు ఇరుక్కుపోతే, వెనకాల వందల ఓడలు ఆగిపోయాయి కదా.

ఇంకోటి, బుల్‌విప్ ఎఫెక్ట్. అమ్మకాలు కాస్త పెరగగానే దుకాణదారు కొంచెం ఎక్కువ ఆర్డర్ పెడతాడు, డీలరు దానికి ఇంకొంత కలుపుతాడు, ఫ్యాక్టరీకి చేరేసరికి అది కొండంత అవుతుంది. దుకాణంలో జరిగిన అసలు అమ్మకాల లెక్క అందరికీ ఒకేసారి కనిపిస్తే ఈ టెన్షన్ చాలా తగ్గుతుంది, అయినా దాన్ని దాచుకునేవాళ్లే ఎక్కువ, అదే నాకు బాధ.