సంచి బోర్లించండి మామ్మగారూ

మా మందుల షాపు పల్నాడులో ఒక మండల కేంద్రంలో, బస్టాండుకి ఎదురుగా ఉంటుంది. ఫార్మసీ చదివి ఈ కౌంటర్లో నిలబడ్డాక నాకు బాగా అర్థమైన సంగతి ఏమిటంటే, పెద్దవాళ్ళకి మందు పేరు తెలియదు, రంగు తెలుసు. "తెల్లది పొద్దున, గులాబీది రాత్రి, పొడుగుది షుగరుకి." వాళ్ళకి అదే చీటీ. చిక్కంతా ఆ రంగు మారినప్పుడే.

రంగు మారడానికి ఎన్ని దారులో! ఊళ్ళో డాక్టరు గారు ఒక కంపెనీ బిళ్ళ రాస్తారు. గుంటూరు వెళితే పెద్ద డాక్టరు గారు అదే మందు ఇంకో కంపెనీది రాస్తారు. ఆశా వర్కర్ అమ్మాయి ఇంటికి తెచ్చిచ్చేది మూడో రంగు. జనౌషధి షాపులో కొంటే నాలుగోది. లోపల మందు ఒకటే అని చెప్పేవాళ్ళు లేకపోతే, పెద్దాయన నాలుగూ వేసుకుంటాడు. ఆయన అమాయకుడేం కాదు. డాక్టరు రాసిన మందు మానకూడదని మనమే కదా చెప్పాం.

మొన్న ఎండాకాలం ఒక మామ్మగారు కాళ్ళు వాచాయని, నీరు తీసే బిళ్ళ ఇమ్మని వచ్చారు. చీటీ లేదు. పక్కింటావిడ వాడితే తగ్గిందట. నేను బిళ్ళ ఇవ్వకుండా, ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకుని రమ్మన్నాను. గొణుక్కుంటూ వెళ్ళి, సాయంత్రం మనవడి బండి మీద వచ్చారు. సంచి కౌంటర్ మీద బోర్లించమన్నాను. కాల్షియం, గ్యాస్ బిళ్ళ, చనిపోయిన తాతగారి దగ్గు సిరప్పు సగం సీసా, అన్నీ వచ్చాయి. వాటిలో రెండు షీట్లు పక్కకి తీశాను. ఒకటి ప్రభుత్వ ఆసుపత్రిది, ఆమ్లోడిపిన్ 5. రెండోది బయట కొన్నది, టెల్మిసార్టాన్‌తో ఆమ్లోడిపిన్ కలిపిన బిళ్ళ.

"ఇది బీపీది, అది గుండెదమ్మా" అన్నారు మామ్మగారు. రెండూ బీపీవే, రెండింట్లోనూ ఆమ్లోడిపిన్ ఉంది. ఆ మందు ఎక్కువైతే కొందరికి పాదాలు వాస్తాయి. నేను నీరు తీసే బిళ్ళ ఇచ్చి ఉంటే, ఒక మందు తెచ్చిన వాపుకి ఇంకో మందు అయ్యేది. ఆ తర్వాత కళ్ళు తిరిగి రాత్రిపూట బాత్రూంలో పడటం ఒక్కటే తక్కువ. ఏ బిళ్ళ ఆపాలో చెప్పడం నా పని కాదు. రెండు పేర్లూ కాగితం మీద రాసి, డాక్టరు గారికి ఫోన్ చేసి, మామ్మగారిని ఆయన దగ్గరికే పంపాను. ఆయన ఒకటి తీసేశారు. తర్వాతి నెల మామ్మగారు వచ్చినప్పుడు "చెప్పుల్లో కాళ్ళు పడుతున్నాయే అమ్మాయ్" అన్నారు.

అందుకే "మందులు వేసుకుంటున్నారా?" అని అడగడం దండగ. ఎవరైనా "ఆ, వేసుకుంటున్నా" అనే అంటారు. ఒక్కొక్క షీటూ చేతికిచ్చి "ఇది దేనికి, ఎప్పుడు వేసుకుంటారు?" అని వాళ్ళ చేత చెప్పించుకోవాలి. నిజం అక్కడ బయటపడుతుంది.

హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, డిస్కౌంట్ వస్తుందని మూడు నెలల మందులు ఒకేసారి ఆన్‌లైన్లో పంపే పిల్లలకి కూడా ఒక మాట. మీ ప్రేమ నాకు తెలుసు. కానీ నెల తిరక్కుండానే డాక్టరు డోసు మారుస్తారు, పాత డబ్బా మాత్రం బీరువాలోనే ఉంటుంది. డబ్బు పోసి కొన్నది పారేయడానికి అమ్మకి చేతులు రావు. వీడియో కాల్లో "బాగున్నావా" అన్నాక, డబ్బా కూడా చూపించమనండి.

మా వైపు అందరూ షీటు మొత్తం కొనరు. "నాలుగు కత్తిరించి ఇవ్వమ్మా" అంటారు. గడువు తేదీ ఒక చివరే ఉంటుంది, ముక్కలు చేస్తే ఏ ముక్కకి ఏ పేరో కూడా తెలియదు. నేను తేదీ లేని వైపు నుంచి కత్తిరించి, కాగితం కవర్లో వేసి, పేరు, తేదీ, దేనికో తెలుగులో రాసిస్తాను. "రోజుకి రెండు" అని రాయను. "పరగడుపున, కాఫీకి ముందు", "టిఫిన్ తిన్నాక", "రాత్రి సీరియల్ అయిపోయాక" అని రాస్తాను. నవ్వుతారు గానీ గుర్తుంటుంది.

కార్తీకమాసం వస్తే నాకు టెన్షన్. సోమవారం ఉపవాసం ఉంటూ షుగరు తగ్గించే గ్లిమెపిరైడ్ బిళ్ళ మాత్రం మానకుండా వేసుకునేవాళ్ళు ఉంటారు. తిండి లేకుండా ఆ బిళ్ళ పడితే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, మనిషి మాట తడబడుతుంది. ఉపవాసం వద్దంటే వినరు, అనను కూడా. ముందే డాక్టరుని అడిగి ఆ రోజు మందు సంగతి తేల్చుకోమంటాను. వణుకు మొదలైతే మాత్రం శివుడేమీ అనుకోడు, వెంటనే చక్కెర నీళ్ళు తాగండి.

మింగలేకపోతున్నారని బిళ్ళలు నూరి మజ్జిగలో కలిపేవాళ్ళు కూడా ముందు అడగండి. పేరు పక్కన ఎస్ఆర్ అనో ఎక్స్ఆర్ అనో ఉంటే అది మెల్లగా కరగాల్సిన బిళ్ళ. నూరితే రోజంతటి మందూ ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది.

నేను గట్టిగా పట్టుబట్టేది మెథోట్రెక్సేట్ దగ్గర. కీళ్ళవాతానికి రాసే ఈ బిళ్ళ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే నోరంతా పుళ్ళు పడి, రక్తకణాలు తగ్గి, ప్రాణం మీదికి వస్తుంది. అందుకని కవర్ మీద వారం పేరు రాయకుండా ఇవ్వను. ఏ రోజో డాక్టరు చెప్పకపోతే వేసుకునేవాళ్ళనే అడుగుతాను. ఒక పెద్దమ్మ గురువారం వద్దంది, బాబా గుడికి వెళ్ళాలట. శనివారం ఒక్కపొద్దు. చివరికి ఆదివారం అని రాయించుకుంది. ఆ రోజు కొడుకు ఫోన్ చేస్తాడు, వాడే గుర్తు చేస్తాడంది. కొడుకు నంబరు కూడా ఆ కవర్ మీదే రాశాను.