కోటి ఇచ్చారు కదా, ఇంకేం కావాలి?

ఫ్యాక్టరీలో పేలుడు జరిగిన ప్రతిసారీ మన దగ్గర ఒకటే తంతు. మధ్యాహ్నానికి మంత్రులు వస్తారు, సాయంత్రానికి ఎక్స్‌గ్రేషియా ప్రకటన వస్తుంది, మర్నాడు పేపర్లో చనిపోయినవాళ్ల సంఖ్య కంటే ఆ డబ్బు అంకే పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. నాలుగు రోజులు గడిచేసరికి జనం నోట వచ్చే మాట ఒకటుంది: "కోటి ఇచ్చారు కదా, ఇంకేం కావాలి వాళ్లకి?" 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసియెన్షియా ఫార్మాలో 17 మంది చనిపోయినప్పుడూ ఇదే మాట, 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీలో యాభైమందికి పైగా పోయినప్పుడూ ఇదే మాట. విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది.

ఆ కోటి అక్కర్లేదని కాదు. ఇల్లు గడవాలి, పిల్లల ఫీజులు కట్టాలి, ఆ వారంలో చేతికందిన డబ్బు విలువ ఆ ఇంటికే తెలుస్తుంది. కానీ అది ఎవరు ఇచ్చారు, దేనికి ఇచ్చారు, దాంతో ఎవరి లెక్క తేలిపోయింది అని అడగకుండా వదిలేస్తున్నాం చూడండి, నా బాధంతా అక్కడే.

ఎల్జీ పాలిమర్స్ సంగతే తీసుకోండి. 2020 మే 7, తెల్లవారుజామున మూడు గంటల వేళ, విశాఖ గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురం. లాక్‌డౌన్‌లో మూతబడి ఉన్న ప్లాంటులోంచి స్టైరీన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం ఆవిరై ఊరి మీదకి వచ్చేసింది. నిద్రలోంచి లేచి పరిగెత్తినవాళ్లు పరిగెత్తినట్టే రోడ్ల మీద, కాలవల్లో పడిపోయారు. 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. దాన్ని చాలామంది ఇప్పటికీ "దురదృష్టకర సంఘటన" అంటారు. అదృష్టానికీ దానికీ సంబంధమేంటో నాకైతే అర్థం కాదు. స్టైరీన్‌ని చల్లగా ఉంచాలి, వేడెక్కితే తనలో తానే గట్టిపడే చర్య మొదలై ఇంకా వేడి పుట్టిస్తుంది, అది జరగకుండా టీబీసీ అనే రసాయనం కలుపుతూ ఉండాలి. స్టైరీన్ వాడే ప్రతి ప్లాంటుకీ తెలిసిన పాఠమే ఇది. ఐఏఎస్ అధికారి నీరభ్ కుమార్ ప్రసాద్ నేతృత్వంలో రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఏం చెప్పిందంటే, ప్లాంటులో టీబీసీ నిల్వే లేదు, ట్యాంకు ఉష్ణోగ్రత అడుగు భాగంలో మాత్రమే కొలుస్తున్నారు, పైన ఎంత వేడెక్కిందో చూసే ఏర్పాటు లేదు, చల్లబరిచే యంత్రాన్ని రోజూ సాయంత్రం ఐదింటికి ఆపేస్తున్నారు. మేనెలలో, విశాఖలో. పైగా ఊరిని లేపాల్సిన సైరన్ మోగలేదు. ఇందులో ఏ ఒక్కటి సరిగ్గా ఉన్నా అందరూ కాకపోయినా కొందరైనా బతికేవాళ్లేమో.

ఇప్పుడు డబ్బు సంగతి. ఒక్కో కుటుంబానికి ఇచ్చిన కోటి రాష్ట్ర ఖజానాలోంచి వచ్చింది, అంటే మనం కట్టిన పన్నుల్లోంచి. కంపెనీ చేత డబ్బు తీయించే పని మొదలుపెట్టింది పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్. ఎవరూ ఫిర్యాదు చేయకుండానే మర్నాడే కేసు తీసుకుని, 50 కోట్లు డిపాజిట్ చేయమని ఆదేశించింది. నిర్లక్ష్యాన్ని ఎవరో రుజువు చేసేదాకా ఆగలేదు కూడా, ఎందుకంటే చట్టం ఆ దారి ముందే వేసి ఉంది. 1985 డిసెంబరులో ఢిల్లీ శ్రీరామ్ ఫ్యాక్టరీలోంచి ఓలియం వాయువు లీకైన కేసులో, 1986లో జస్టిస్ పి.ఎన్. భగవతి ధర్మాసనం ఒక మాట తేల్చి చెప్పింది: ప్రమాదకరమైన వ్యాపారం చేసి లాభం తీసుకునేవాడు, దానివల్ల ఎవరికి హాని జరిగినా పూర్తి బాధ్యత మోయాలి, జాగ్రత్తలన్నీ తీసుకున్నానన్న సాకు చెల్లదు. ఇంకోటి కూడా చెప్పింది, నాకు దానికంటే ముఖ్యమనిపించేది: కంపెనీ ఎంత పెద్దదైతే పరిహారం అంత పెద్దదిగా ఉండాలి, తగిలితేనే తర్వాతివాళ్లు భయపడతారు.

ఈ రెండో మాటనే మన కోర్టులు తర్వాత గట్టిగా పట్టుకోలేదు. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 59 మంది ఊపిరాడక చనిపోయారు. బాల్కనీలో అదనపు సీట్లు వేసి దారి మూసేశారు కాబట్టి బయటికి రాలేకపోయారు. ఇరవై దాటినవాళ్లకు 18 లక్షలు, ఆలోపు వాళ్లకు 15 లక్షలు ఇవ్వాలని ఢిల్లీ హైకోర్టు 2003లో చెబితే, సుప్రీంకోర్టు 2011లో వాటిని 10 లక్షలకు, ఏడున్నర లక్షలకు తగ్గించింది. హాలు యజమానులకు శిక్షగా వేసిన రెండున్నర కోట్లు 25 లక్షలైంది. పద్నాలుగేళ్లు కోర్టుల చుట్టూ తిరిగిన తల్లిదండ్రులకు చివరికి దక్కిన లెక్క అది.

పరిశ్రమల చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఒక మాట. వాయువు లీకై ఇంట్లో మనిషి చనిపోతే హరిత ట్రిబ్యునల్‌లో పరిహారం అడగొచ్చు, దానికి ఐదేళ్ల గడువుంది, కంపెనీ తప్పు రుజువు చేయాల్సిన పనీ లేదు. 1855 నాటి ఫేటల్ యాక్సిడెంట్స్ చట్టం కింద సివిల్ కోర్టుకూ వెళ్లొచ్చు. భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లల తరఫున వేయొచ్చు, అన్నదమ్ములకు అందులో చోటు లేదు. అక్కడ మాత్రం గడువు రెండేళ్లే, కోర్టు ఫీజు కట్టాలి, ఏళ్లు పడుతుంది. పదకొండు రోజులు, నెల మాసికం అంటూ మొదటి ఏడాది ఎలా గడిచిపోతుందో ఎవరికీ తెలీదు, తీరా లాయరు దగ్గరికి వెళ్లేసరికి టైం దగ్గర పడి ఉంటుంది.

కార్మికులది వేరే దారి. ట్రిబ్యునల్ చట్టంలోని ఆ తప్పుతో పనిలేని పరిహారం వాళ్లకు వర్తించదు. వాళ్లకున్నది 1923 నాటి పరిహార చట్టం, ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. అందులో లెక్క ఎలా వేస్తారో చూడండి. ముప్పై ఏళ్ల ఆపరేటరు, నెలకు 30 వేల జీతం అనుకుందాం. 2020లో పెట్టిన పరిమితి ప్రకారం ఎంత సంపాదించినా 15 వేలే లెక్కలోకి తీసుకుంటారు. అందులో సగం 7,500. దాన్ని వయసు పట్టికలో ముప్పైకి ఉన్న 207.98తో గుణిస్తే 15,59,850 రూపాయలు. ఒక మనిషి ఇంకో ముప్పై ఏళ్లు కష్టపడితే వచ్చేదానికి చట్టం కట్టిన వెల అది. జీతం తక్కువుండి ఈఎస్ఐ అనే కార్మికుల బీమాలో ఉన్నవాళ్లయితే ఇదీ రాదు, కుటుంబానికి నెలనెలా పెన్షన్ వస్తుంది, అది నిజంగా పనికొచ్చేదే, కానీ ఇచ్చేది ఈఎస్ఐ, కంపెనీ జేబుకు కొత్తగా చిల్లేమీ పడదు.

అందుకే ప్రమాదం జరిగిన రోజు గేటు ముందు, మార్చురీ ముందు బేరం నడుస్తుంది. యూనియన్ వాళ్లు, ఊరి పెద్దలు, కంపెనీ హెచ్ఆర్ మనిషి, ఒక పోలీసాఫీసరు. ఓ మూలన భార్య స్పృహలో ఉండీ లేనట్టు కూర్చుని ఉంటుంది. బావమరిదో చిన్నాన్నో మాట్లాడతాడు. "మాట తేలితేనే బాడీ తీసుకెళ్తాం" అని వీళ్లు, "ముందు పోస్ట్‌మార్టం కానివ్వండి" అని వాళ్లు. ఒక అంకె కుదిరాక స్టాంపు పేపరు బయటికి వస్తుంది, ఇకపై కంపెనీ మీద ఎలాంటి క్లెయిమూ చేయబోమని. జనం ఈ బేరాన్ని తప్పు పడతారు, శవాన్ని పెట్టుకుని డబ్బులడుగుతున్నారని. నేను తప్పు పట్టను. ఆ శవం అక్కణ్ణుంచి కదిలాక ఆ కుటుంబం ఫోన్ ఎత్తేవాడెవడూ ఉండడని అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. కాంట్రాక్టు కూలీ అయితే మరీ ఘోరం, "మా మనిషి కాదు, కాంట్రాక్టర్ని అడగండి" అనేస్తారు. ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చినవాడైతే బేరం చేయడానికి కూడా ఇక్కడ మనిషి ఉండడు.

చట్టం ప్రకారం కాంట్రాక్టు కార్మికుడి పరిహారం అసలు కంపెనీ కట్టాల్సిందే, తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవడం వాళ్ల తలనొప్పి. కాబట్టి గేటు పాసు, హాజరు ఫోటో, జీతం పడిన బ్యాంకు మెసేజీలు, షిఫ్టు వాట్సాప్ గ్రూపు ఏదీ డిలీట్ చేయకండి. ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ రిపోర్టు కాపీలు అడిగి తీసుకోండి. క్రిమినల్ కేసు తేలేదాకా పరిహారం అడగకూడదని ఎవరైనా అంటే నమ్మకండి, అది వేరు, ఇది వేరు. నెలలోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే పరిహారంలో సగం దాకా పెనాల్టీ కూడా పడుతుంది.

ఇక ఆ స్టాంపు పేపరు. ఆ కాగితం మీద సంతకం పెట్టేశామని చాలా కుటుంబాలు అక్కడితో ఆగిపోతాయి. కార్మికుడు చనిపోయినప్పుడు చట్టం ప్రకారం ఇవ్వాల్సిన పరిహారాన్ని కంపెనీ నేరుగా ఇంట్లోవాళ్ల చేతికి ఇవ్వడానికి 1923 చట్టమే ఒప్పుకోలేదు, పరిహార కమిషనర్ దగ్గర జమ చేయాలి, మూడు నెలల జీతం దాకా ఇచ్చే అడ్వాన్సు తప్ప చేతికిచ్చింది ఆ పరిహారం కింద లెక్కకు రాదు. హక్కు వదులుకుంటున్నట్టు రాయించుకున్న ఒప్పందం కూడా చెల్లదు. సంతకం పెట్టి ఉన్నా సరే, మనిషి చనిపోయి రెండేళ్లు దాటకముందే లేబర్ ఆఫీసుకి వెళ్లి క్లెయిమ్ వేయండి.