తెలుగులో రాసిన బియ్యం లెక్క

1990 ఆగస్టు 2, గురువారం. కువైట్‌లో తెల్లారేసరికి రోడ్ల మీద ఇరాక్ ట్యాంకులున్నాయి. నేనప్పుడు ఫర్వానియాలో ఒక సరుకుల గోడౌన్‌లో పనిచేస్తున్నాను. మాది రాజంపేట దగ్గర పల్లె. బకాలాలకు, అంటే సందు చివర ఉండే చిన్న కిరాణా కొట్లకు, మేం బియ్యం, పప్పు, చక్కెర, నూనె, పాలపొడి వేసేవాళ్లం.

మూడో రాత్రి మా కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, లైట్లు ఆర్పేసిన కారులో వచ్చి తాళాలు మా ఇద్దరి చేతిలో పెట్టాడు. ఒకణ్ణి నేను, రెండో ఆయన ఖాతాలు చూసే ఈజిప్టు ముసలాయన. ఆయన్ని ఉస్తాద్ అని పిలిచేవాణ్ణి. "ఎవరికీ ఒకేసారి ఎక్కువ ఇవ్వొద్దు. కొట్లకు కొంచెం కొంచెం వేయండి. డబ్బుంటే తీసుకోండి, లేకపోతే రాసుకోండి" అన్నాడు కఫీల్. ఆయన చెప్పింది అంతే. మిగతాదంతా మేం తప్పులు చేస్తూ నేర్చుకున్నదే.

కువైట్‌లో పండేది దాదాపు ఏమీ లేదు, తిండి దాదాపు అంతా బయటి నుంచే రావాలి. ఆగస్టు 6న ఐక్యరాజ్యసమితి ఆంక్షలు పెట్టాక ఆ దారీ మూసుకుపోయింది. కువైటీలకు ముందు నుంచే రేషన్ కార్డులుండేవి, జమయ్యల్లో, అంటే వాళ్ల సహకార దుకాణాల్లో, సరుకు దొరికేది. మాలాంటి పరాయి దేశాల వాళ్లకు కార్డు లేదు. మన దేశం వాళ్లే లక్షా డెబ్బై వేల దాకా ఉన్నారక్కడ. వాళ్లందరికీ బకాలానే దిక్కు.

లెక్కపెడితే 40 కిలోల బియ్యం బస్తాలు 610 తేలాయి. మా ఖాతా కొట్లు 43. గడిచిన మూడు నెలల్లో ఎవరు ఎంత కొన్నారో చూసి అందులో సగం ఇద్దామన్నాడు ఉస్తాద్. న్యాయంగానే అనిపించింది. వారం తిరక్కుండానే తేలిపోయింది అదెంత తప్పో. పెద్ద పెద్ద ఇళ్లున్న పేటల్లో కొట్లకు ఖాతాలు పెద్దవి, కానీ ఆ ఇళ్లకు తాళాలు పడ్డాయి. అక్కడికి పోయిన బియ్యం నాలుగింతల ధరకు బయట తేలింది. ఖైతాన్‌లో ఒక్కో గదికి పదిమంది కూలీలుండే చోట కొట్టు ఖాతా చూస్తే వారానికి రెండే బస్తాలు, ఎందుకంటే అతను ఎప్పుడూ చేతిలో డబ్బున్నంతే కొనేవాడు.

సరే, మీ కొట్టు మీద ఎంతమంది తింటున్నారో రాసుకు రండి అన్నాం. వచ్చిన లెక్కలన్నీ కూడితే ఫర్వానియాలో మనుషులు రెండింతలయ్యారు!

చివరికి నిలబడింది మా ఊరి పద్ధతి. ఖాళీ గోతాం తెస్తేనే నిండు గోతాం. వారానికి ఒక్కసారే, శనివారం పొద్దున. బియ్యం డ్రమ్ములో పోసుకుని గోతాం తెచ్చినవాళ్లూ లేకపోలేదు, కానీ ఎన్ని డ్రమ్ములుంటాయి ఎవరికైనా? పాలపొడి దగ్గర మాత్రం గట్టిగా ఉన్నాం. బిడ్డ ఉన్న ఇంటికే ఇవ్వాలి, డబ్బా మూత కొట్లోనే తీసి ఇవ్వాలి. మూత తీసిన డబ్బాని మళ్లీ అమ్ముకోలేరు. ఈ ఆలోచన ఉస్తాద్‌ది, ఆయనకు ఆరుగురు పిల్లలు.

ఇక పుస్తకం సంగతి. చెక్‌పోస్టుల్లో సైనికులు అరబ్బీ కాగితం ఏది కనబడినా లాక్కుని చదివేవాళ్లు. పేర్ల జాబితా దొరికితే ప్రాణం మీదికే. అందుకని లెక్కంతా నన్ను తెలుగులో రాయమన్నాడు ఉస్తాద్. బానే ఉంది, కానీ కొట్లవాళ్లలో సగం మంది మలయాళీలు, మిగతావాళ్లు ఇరానీలు, బంగ్లాదేశ్ వాళ్లు. ఒక శనివారం ఒక మలయాళీ ఆయన అందరి ముందే అడిగేశాడు, "ఈ జిలేబీ అక్షరాల్లో మీవాళ్లకి ఎక్కువ రాసుకోవట్లేదని ఏంటి నమ్మకం?" అని.

నాకు ఒళ్లంతా చెమట పట్టింది. ఎందుకంటే రాసుకున్నాను. మా గది కింద కొట్టుకు ముందు వారమే ఒక బస్తా ఎక్కువ వేశాను, మేం పన్నెండుమందిమి అక్కడే తినాలి కదా అని. ఆ రోజు నుంచి పంచే ముందు పుస్తకం మొత్తం గట్టిగా చదవాలని ఉస్తాద్ తీర్పు చెప్పాడు. వచ్చీరాని హిందీలో, అరబ్బీలో కొట్టు పేరు, బస్తాలు, బాకీ చదివేవాణ్ణి. గొడవలు సగం తగ్గాయి. ఆ ఒక్క బస్తా వరుస మాత్రం దాటేసేవాణ్ణి.

ఆగస్టు చివర్లో సైనికులు లారీ తెచ్చి ఎనభై బస్తాలు ఎక్కించుకుపోయారు. మళ్లీ వస్తామన్నారు. ఇక వారం వారం అంటే కుదరదు. మిగిలిందంతా రెండు రోజుల్లో కొట్లకు చేర్చేశాం, కొంత జమయ్య ట్రాలీల్లో, కొంత మనుషుల వీపుల మీద. బిల్డింగుల కింద ఉండే సర్దాబుల్లో దాచుకోమన్నాం. ఖాళీ గోతాం అడగలేదు, డబ్బూ అడగలేదు. పుస్తకంలో రాసుకున్నానంతే. ఆ రెండు రాత్రులూ నిద్ర లేదు, టెన్షన్. విచిత్రమేమిటంటే, గోతాంకు గోతాం పెట్టినప్పుడు మోసం చేసినవాళ్లలో కొందరు ఈసారి మాట మీద నిలబడ్డారు. అందరూ కాదు.

సెప్టెంబర్ మధ్యలో నేనూ బస్సెక్కాను. బస్రా, బాగ్దాద్, సరిహద్దు, ఎడారిలో గుడారాలు, అమ్మాన్, అక్కణ్ణుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయి. ఆ దారి గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. బస్రా దాటాక ఒక సైనికుడు నా సంచిలోంచి పుస్తకం తీసి అటూ ఇటూ తిప్పాడు. ఏంటిది అన్నాడు. "హిసాబ్" అన్నాను. లెక్క అని. నిజమే చెప్పాను కాబట్టి గొంతు వణకలేదు. విసిరేశాడు, పట్టుకున్నాను.

1992లో మళ్లీ వెళ్లాను. కఫీల్ బతికే ఉన్నాడు. ఉస్తాద్ ఈజిప్టు నుంచి తిరిగి రాలేదు. 43 కొట్లలో తెరిచినవి 19. పుస్తకం తెచ్చావా అని అడిగాడు కఫీల్. తెచ్చానన్నాను. చదవమన్నాడు. కూర్చుని వరసగా అరబ్బీలో చదివాను, ఎప్పుడూ దాటేసే వరుసతో సహా.

"ఈ బస్తా ఎవరిది?" అన్నాడు.

మా గదిదన్నాను. తలూపి, ఆ నెల జీతంలో దాని డబ్బు పట్టుకున్నాడు.