పిల్లల్ని దింపేసి వెళ్లిపోకండి

బెంగళూరులో, కసవనహళ్లి వైపు ఉన్న మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఆదివారం పొద్దున తెలుగు క్లాసు చెప్తుంటాను. మొన్నమొన్నటి దాకా తల్లిదండ్రులు పిల్లల్ని గుమ్మం దగ్గర దింపేసి జిమ్‌కో, కూరగాయలకో వెళ్లిపోయేవాళ్లు. గంట తర్వాత వచ్చి, ఏం నేర్చుకున్నావని ఇంగ్లీషులో అడిగేవాళ్లు. ఈ పద్ధతి మార్చి తీరాలని నాకు గట్టిగా అనిపించింది 2024 శరదృతువులో, న్యూజెర్సీలో మా చెల్లెలి దగ్గర ఉన్నప్పుడు.

చెల్లెలి పక్కింటివాళ్లు యూదులు. వాళ్ల పిల్లలు మామూలు స్కూలుకు వెళ్తూనే, ఆదివారం పొద్దున సినగాగ్‌లో, అంటే వాళ్ల ప్రార్థనా మందిరంలో, నడిచే మత పాఠశాలకు కూడా వెళ్తారు. హీబ్రూ అక్షరాలు, ప్రార్థనలు, పండుగలు నేర్పుతారక్కడ. "అక్కా, నువ్వూ క్లాసు చెప్తావుగా, ఒకసారి వచ్చి చూడు" అని చెల్లెలు తీసుకెళ్లింది. ఆ ఆదివారం కుటుంబాలన్నీ కలిసి పండుగ పందిరి కట్టుకునే రోజట.

ముందు వాళ్ల పంచాంగం గురించి చెప్పాలి, నాకు భలే నచ్చిన సంగతి. మనలాగే వాళ్లూ చంద్రుణ్ణి బట్టి నెలలు లెక్కపెడతారు, 19 ఏళ్లలో ఏడుసార్లు అధికమాసం వేసుకుంటారు. అందుకే వాళ్ల తిష్రీ నెల, మన ఆశ్వయుజం చాలా ఏళ్లు ఒకే అమావాస్య తర్వాత మొదలవుతాయి. మనకు దేవీ నవరాత్రులు మొదలయ్యే వేళకు వాళ్లకు కొత్త సంవత్సరం, రోష్ హషానా. పదో రోజు వాళ్ల మహా ఉపవాసం, యోమ్ కిప్పూర్. 2024లో అదీ మన విజయదశమీ ఒకే రోజు, అక్టోబరు 12న వచ్చాయి. 2025లోనూ అంతే, అక్టోబరు 2న. పున్నమి నుంచి ఏడు రోజులు పందిళ్ల పండుగ, సుక్కోత్. అలాంటి ఏడాదిలో మన అట్లతద్ది సరిగ్గా ఆ వారంలోనే పడుతుంది. 2026లో మాత్రం మనకు అధిక జ్యేష్ఠం కాబట్టి వాళ్ల పండుగలు ఒక నెల ముందే వచ్చేస్తాయి.

ఇంకో మాట. మా అమ్మమ్మగారిది తెనాలి. గుంటూరు జిల్లాలో చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అని తెలుగు మాట్లాడే చిన్న యూదు సమాజం ఉంది, వాళ్లకో ప్రార్థనా మందిరం కూడా ఉంది. మనవైపు ఇలాంటివాళ్లు ఉన్నారని ఆ పక్కింటావిడ చెప్పేదాకా నాకు తెలియదు.

ఇక ఆ పందిరి. దాన్ని సుక్కా అంటారు. ఈజిప్టు నుంచి బయటపడ్డాక పూర్వీకులు ఎడారిలో పాకల్లో తలదాచుకున్నారని గుర్తుచేసుకోవడానికి కడతారు. గోడలు దేనితోనైనా పెట్టుకోవచ్చు గానీ పైకప్పుకు మాత్రం నియమాలున్నాయి. నేలలో పెరిగి, కోసి తెచ్చిన ఆకులో కొమ్మలో అయి ఉండాలి. లోపల ఎండకన్నా నీడ ఎక్కువుండాలి. అయినా రాత్రి తలెత్తితే సందుల్లోంచి చుక్కలు కనబడాలంటారు. అక్కడ మొక్కజొన్న మట్టలు కప్పుతున్నారు. ఒకాయన నిచ్చెన మీదుంటే కింద నుంచి కూతురు మట్టలు అందిస్తోంది. "నాన్నా, ఇక్కడ మరీ దట్టంగా వేశావు, చుక్కలు కనపడవు" అన్నట్టు ఆ పిల్ల వేలు చూపిస్తే, ఆయన మారు మాట్లాడకుండా రెండు మట్టలు తీసేశాడు. చిన్నవాళ్లు రంగు కాగితాల గొలుసులు చేస్తున్నారు, అమ్మమ్మలు వాటిని కడుతున్నారు.

తర్వాత అందరూ గుండ్రంగా నిలబడ్డారు. కుడిచేతిలో విచ్చుకోని ఖర్జూరపు మట్ట, దానికి జతగా మర్టిల్, విల్లో కొమ్మలు. ఎడమచేతిలో ఎత్రోగ్ అనే పండు, మన దబ్బకాయకు దగ్గరి చుట్టం. దాని కొసన చిన్న ముచ్చికలాంటిది ఉంటుంది. అది విరిగిపోతే పండు పూజకు పనికిరాదట. అందుకే పెట్టెలో పీచు చుట్టి దాచుకుంటారు. ఏడేళ్ల కుర్రాడొకడు దాన్ని రెండు చేతులతో తీసుకుని, వాసన చూసి, కళ్లు మూసుకుని, అంతే జాగ్రత్తగా వాళ్ల నాన్న చేతిలో పెట్టాడు. ఆయనకు మంత్రం సరిగ్గా రాలేదు. కొడుకు ముందు చెప్తుంటే వెనక తండ్రి చెప్పాడు. నాలుగు దిక్కులకూ, పైకీ కిందికీ ఊపారు. అక్కడ ఇది ఎవరికీ వింతగా లేదు. పిల్లల క్లాసు జరిగే గంటలోనే పెద్దలకూ పక్క గదిలో అదే పాఠం చెప్తారని పంతులమ్మ చెప్పింది. రోష్ హషానాకు యాపిల్ ముక్కలు తేనెలో ముంచుకు తిన్నదీ, పారే నీటి దగ్గరకెళ్లి పాత ఏడాది తప్పుల్ని వదిలించుకునే తష్లీఖ్ చేసిందీ కుటుంబాలుగానేనట. పండుగల వరుస చివర, సిమ్‌ఖత్ తోరా అనే పండుగ నాడు, కొత్తగా బళ్లో చేరిన పిల్లల్ని అందరి ముందూ ఆశీర్వదిస్తారట. పూర్వం యూరప్‌లో అక్షరాలు మొదలుపెట్టే పిల్లవాడి చేత పలక మీద తేనె నాకించేవాళ్లని కూడా ఆవిడే చెప్పింది. నాకు వెంటనే మన అక్షరాభ్యాసం గుర్తొచ్చింది.

అది విన్నాక మన వీధిబడులు కూడా గుర్తొచ్చాయి. దసరాకు అయ్యవారు పిల్లల చేతికి వెదురు విల్లంబులిచ్చి, పూలు చల్లించుకుంటూ, పద్యాలు పాడించుకుంటూ ఇంటింటికీ తిప్పేవారు. అయ్యవారికి వరహాలు, పిల్లలకు పప్పుబెల్లాలు. ఏడాదంతా పిల్లవాడు బడికి వెళ్లినా, శరదృతువులో బడే ఇంటి గుమ్మంలోకి వచ్చేది. ఇంత మంచి ఆచారం మన దగ్గరే ఉండగా, క్లాసు ఫీజు కట్టేసి భాష వచ్చేస్తుందని కూర్చుంటే ఎలా వస్తుంది?

తిరిగొచ్చాక ఒక నియమం పెట్టాను: అమ్మో నాన్నో, తాతో నానమ్మో, ఎవరో ఒకరు పిల్లలతో పాటు చాప మీద కూర్చోవాలి. కొందరు మానేశారు. బాధేసింది గానీ నియమం మార్చలేదు. ఉన్నవాళ్లలో ఒకావిడది అనంతపురం. చదువంతా ఇక్కడే కన్నడంలో సాగింది, తెలుగు చదవడం రాదు. రెండు లిపులూ దగ్గరివి కావడంతో కూతురికంటే ముందే గుణింతాలు అందుకుంది. ఇప్పుడా పిల్లకు పంతం, అమ్మకంటే ముందు పేజీ పూర్తి చేయాలని.

2025 దసరాకు ఇంటింటికీ వెళ్లాం. విల్లంబులు నాన్నలే కూర్చుని వంచారు, కె.ఆర్. మార్కెట్ నుంచి చామంతులు తెచ్చాం. ఒంగోలు నుంచి కొడుకు దగ్గరకొచ్చిన ఒక తాతగారు, "అమ్మా, పద్యం అలా చదవకూడదు, సాగదీయాలి" అని దగ్గరుండి పిల్లల గొంతులు సవరించారు. ఆయుధపూజ రోజులు కదా, కన్నడం వాళ్లు తలుపు తీసి పిల్లల దోసిళ్ల నిండా కడ్లెపురి, అంటే మరమరాలు, పోశారు. బెంగాలీ ఇంట్లో సందేశ్ మిఠాయి పెట్టారు. పప్పుబెల్లాలు మాత్రం మేమే కలిపి వాళ్లకిచ్చాం.

ఈసారి అట్లతద్దికి టెర్రస్ మీద కొబ్బరి మట్టలతో పందిరి వేయాలని ఉంది. తెల్లవారకముందే పిల్లలు లేచి చద్దన్నం తినాలి, ఆడాలి, రాత్రి చంద్రుణ్ణి చూశాక అట్లు తినాలి. అసోసియేషన్ వాళ్లు ఫైర్ సేఫ్టీ అంటున్నారు, మాట్లాడుతున్నాం. ఈలోగా మీ ఇళ్లలో పెద్దవాళ్లకు వీధిబడి దసరా పద్యాలు ఏవైనా గుర్తుంటే, పిల్లల చేతే ఫోన్‌లో రికార్డు చేయించి నాకు పంపండి. బాణీతో సహా కావాలి. మా ఒంగోలు తాతగారికి మూడో పద్యంలో రెండు పాదాలు గుర్తు రావడం లేదు.