ఎడమ వూఫర్ గరగర ఇంకా పోలేదు

నా పాత స్పీకర్ల వూఫర్లకు, అంటే తక్కువ శ్రుతి మోత పలికించే పెద్ద కోన్‌లకు, అంచు చుట్టూ కొత్త ఫోమ్ రింగులు వేశా. కుడిది బ్రహ్మాండంగా పాడుతోంది. ఎడమది ప్రాణం తీస్తోంది. బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొన్న ఫోమ్ రింగులు రెండూ ఒకే ప్యాకెట్‌లోవి, వాడిన గమ్ము కూడా ఒకటే. అయినా ఎడమ ఎనిమిదంగుళాల వూఫర్ 45 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి 70 దాకా గరగరమంటుంది. మామూలు పాటల్లో పట్టుకోలేం. మృదంగం తొప్పి మీద గట్టిగా దెబ్బ పడిందా, అయిపోయింది.

ముందు ఆంప్‌ని (ఆంప్లిఫయర్‌ని) అనుమానించా. ఛానళ్లు మార్చితే గరగర వూఫర్ వెంటే పోయింది. డబ్బాలో గాలి లీకవుతోందేమోనని వూఫర్‌ని బయటికి తీసి బల్ల మీద వాయిస్తే అదే మోత. కోన్ వెనకుండే తీగచుట్ట, అదే కాయిల్, కొలిస్తే ఎడమ 6.1 ఓమ్‌లు, కుడి 6.2, కాబట్టి చుట్లకేమీ కాలేదు. కోన్‌కి పోయే అల్లిక తీగలు స్పైడర్‌ని (కోన్‌ని వెనక నుంచి మధ్యలో నిలిపే ముడతల గుడ్డని) కొడుతున్నాయేమోనని వేలితో పక్కకు పట్టుకున్నా తేడా లేదు.

ఇక రెజొనెన్స్, అంటే కోన్ తేలిగ్గా ఎక్కువ ఊగే ఫ్రీక్వెన్సీ, చూద్దామని 1 కిలో ఓమ్ రెసిస్టర్ సిరీస్‌లో పెట్టి, ఫోన్ టోన్‌ని ఆంప్ గుండా పంపి, మీటర్ ఎక్కడ ఎక్కువ చూపిస్తుందో రాసుకున్నా. కుడి 37 హెర్ట్జ్, ఎడమ 49. కొత్త ఫోమ్ వాయించే కొద్దీ సడలి ఈ అంకె కొంచెం దిగుతుంది, నిజమే. కానీ రెండూ కొత్తవే కదా, 12 హెర్ట్జ్ తేడా ఎక్కడి నుంచి వచ్చినట్టు?

కోన్‌ని నాలుగు వేళ్లతో సమానంగా నొక్కితే గడియారంలో రెండు గంటల వైపు మాత్రమే సన్నగా గీసుకుంటుంది. డబ్బాలో 180 డిగ్రీలు తిప్పి బిగిస్తే 50 దగ్గర తగ్గింది, 63 దగ్గర అలాగే ఉంది. ఇన్నేళ్లూ ఒకే దిక్కుగా నిలబడి స్పైడర్ జారిందని ఒక అనుమానం. అనంతపురం మే ఎండకు గమ్ము ముందే పట్టేసి, ఫోమ్ ఒక పక్క బిగుసుకుందని రెండోది. తిప్పితే సగమే తగ్గింది కాబట్టి రెండూ ఉన్నాయనిపిస్తోంది. పాతూరులో రిపేరు చేసే ఆయన మాత్రం, "రబ్బరు వేసేయన్నా, గొడవ పోతుంది" అంటాడు. నాకు మనసొప్పదు. రబ్బరు ఎక్కువ కాలం మన్నుతుంది గానీ బరువు. కోన్ కదిలే తీరే మారిపోతుంది. ఫోమ్‌తో పుట్టినదానికి ఫోమే వేయాలి.

ట్వీటర్ (పై శ్రుతులు పలికే చిన్న స్పీకర్) 3.3 మైక్రోఫారడ్ కెపాసిటర్లు మార్చా, తాళాలు మళ్లీ ఘల్లుమంటున్నాయి. నా ఆంప్ పయొనీర్ ఎస్ఎక్స్-450 వాల్యూమ్ చిటపట క్లీనర్ కొడితే పోయింది. ఛానల్‌కి 15 వాట్లే అని దీన్ని చిన్నచూపు చూస్తారు. పన్నెండడుగుల గదికి అంతకంటే ఎందుకో!

వచ్చే ఆదివారం ఐసోప్రొపైల్‌తో లోపలి అంచు గమ్ము మాత్రం ఊడదీస్తా. డస్ట్ క్యాప్ (కోన్ నడిమి గుండ్రటి మూత) కోయకుండా టోన్‌తో సెంటర్ చేసే పద్ధతే నాకిష్టం గానీ, ఈ మొండిదానికి క్యాప్ తీసి, కాయిల్ మధ్యలో నిలిచేలా అది కదిలే అయస్కాంతపు గ్యాప్‌లో ఎక్స్‌రే ఫిల్మ్ ముక్కలు దూర్చక తప్పదు. పనిలో పనిగా గ్యాప్‌లో ఇనుప రజను ఉంటే టేపుతో తీసేస్తా. ఆ తర్వాత వంతు అమెరికా నుంచి వచ్చిన బెల్ట్ టర్న్‌టేబుల్‌ది. 60 హెర్ట్జ్ సింక్రనస్ మోటారు, అంటే కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరిగేది, మన 50 కరెంటుకు నిమిషానికి 33⅓ చుట్ల బదులు 27.8లో ఈడుస్తుంది. 120 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ సిద్ధంగా ఉంది. పుల్లీ వ్యాసం 20 శాతం పెంచి లేత్ మీద ఇత్తడిలో తిప్పించాలి, బెల్ట్ మందం కూడా లెక్కలోకి తీసుకుని.